కూల్చిన గోడ ఎక్కడికి పోవాలి?

ఇల్లు కూలగొడితే మిగిలే రాళ్ళు, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు అన్నిటికీ కలిపి మరాఠీలో 'రాడారోడా' అని ఒక మాట ఉంది. తెలుగులో శిథిలాలు అంటే పాత కోటలూ గుళ్ళూ గుర్తుకొస్తాయి. వెనకటి రోజుల్లో మనకు అలాంటి మాటతో పని పడలేదేమో! మట్టి గోడ పడగొడితే ఆ మట్టినే తడిపి మళ్ళీ గోడ పెట్టేవారు. టేకు దూలాలు, గూన పెంకులు కొత్త ఇంటికో, పశువుల కొట్టానికో ఎక్కేవి.

ఇప్పుడు మన సిరొంచకు గోదావరి మీద కాళేశ్వరం వైపు, ప్రాణహిత మీద మంచిర్యాల వైపు వంతెనలు ఉన్నాయి. ఒకప్పుడు పడవ కోసం రేవులో కాచుక్కూర్చున్న ఊళ్ళోకి సిమెంటు లారీలు నేరుగా వచ్చి దిగుతున్నాయి. పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు లేస్తున్నాయి. పాతవాటి పెళ్ళలు వాగులకూ చెరువు గట్లకూ చేరుతున్నాయి.

ఇందులో నా వంతు కూడా ఉంది. మా పాత ఇల్లు తీయించినప్పుడు ట్రాక్టరతనితో ట్రిప్పుకు ఇంత అని మాట్లాడానే గాని, ఎక్కడ పోస్తావని అడగలేదు. వీధి చివరి వాగులో పోశాడు. ఆ వానాకాలం నీళ్ళకు దారి లేక పక్కింటి పెరట్లోకి ఎక్కాయి. పిల్లలకు పరిసరాల పాఠం చెప్పే పంతులు చేసిన పని అది! 2022 జూలైలో నదులు పొంగి మన తాలూకా ఊళ్ళు, పొలాలు ఎలా మునిగాయో మీకు తెలుసు. అలాంటి చోట నీరు తీసే వాగును మనమే పూడ్చుకుంటున్నాం.

పెళ్ళలు కాలువలకు అడ్డం పడేలా పోయరాదని 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు చెప్పాయి. హైదరాబాదు జీడిమెట్లలో 2020లో పెట్టిన కర్మాగారంలో వీటిని పిండి చేసి ఇసుక, కంకర తీస్తారు. అక్కడిదాకా మన ట్రాలీ పంపితే డీజిలు ఖర్చుకు కొత్త ఇటుకలే వస్తాయి. కాబట్టి మన పని ఇక్కడే చూసుకోవాలి.

గునపం వేయకముందే తలుపులు, కిటికీలు, వాసాలు, వైర్లు విడిగా తీయించండి. మట్టితోనో సున్నంతోనో కట్టిన ఇటుకలు చాలావరకు నిండుగా ఊడివస్తాయి. విరిగిన ముక్కలు ఇంటి నేల కింద పోసి దిమ్మిసతో కొట్టించవచ్చు. స్లాబు పెళ్ళలను ఇనుము తీసి చితక్కొడితే వాకిలి కిందికి, బాట గుంతలకు పనికొస్తాయి. కొత్త స్లాబులో మాత్రం వేయనివ్వకండి. వాటికి అంటుకున్న పాత సిమెంటు నీటిని పీల్చేస్తుంది.

సిమెంటు రేకుల విషయంలో జాగ్రత్త. పాత రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సరు దాకా పోవచ్చు. పగలగొట్టకుండా, తడిపి, నిండు రేకుగానే దింపించాలి. నేల కింద నింపే ముక్కల్లో కలపకూడదు.

ఇంకా మిగిలినది పోసుకోవడానికి నగర పంచాయతి వారు వాడకం లేని మొరం గుంట ఒకటి చూపిస్తే బాగుంటుంది. చెరువు కాదు, గుంట అంటున్నాను.

ఆ వాగులో నేను పోయించిన పెళ్ళలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఈ ఎండాకాలం వాటిని ఎత్తించి మా వాకిలి కింద పరిపిస్తున్నాను. ఈసారి ట్రాక్టరు వెంట నేనే నడుస్తాను.