మధ్యతరగతి సంసారము – మోటారు కారు
(సూరతులో మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు సభలో కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో మాటాడుట పరిపాటి. కార్ల జమాఖర్చులను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను చదివినది బి.ఏ. గదా, ఇంజనీరింగు కాదే యని సందేహించితిని. ఆలోచింపగా ఇది యంత్రశాస్త్రమునకు చెందిన విషయము కాదనియు, గృహస్థధర్మమునకు చెందిన విషయమనియు తోచినది. ఇల్లు తరువాత మన జీతమునుండి పెద్ద మొత్తమును తీసికొనిపోవునది కారే. పిల్లల చదువు, ఊరిలోని తల్లిదండ్రుల వైద్యము, కారు వాయిదా, ఈ మూడును ఒకే సంచిలోనుండి రావలెను గదా!

పూర్వము ఎన్నిక సులభముగా నుండెడిది. ఎన్నుకొనుటకు కార్లే లేవు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో ఈ గుజరాతులోని ఓఖా రేవునందే ప్రారంభమై, పిదప వంగదేశమునందలి ఉత్తరపాడాకు తరలినది. 1958లో వారు తెచ్చిన అంబాసిడరు 2014 వరకు తయారై, ప్రభుత్వాధికారి యనగానే కన్నులకు కట్టెడి వాహనమైనది. బొంబాయి ఫియట్టు, మద్రాసు స్టాండర్డు హెరాల్డు తక్కిన రెండు. పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండుటయే ఆనాటి కష్టము. నేటి కష్టము దానికి విరుద్ధమైనది. దుకాణమునందు అడుగిడినచో, ఏది వలదనవలెనో తెలియని స్థితి.

ఇక నేటి సెడాన్ కార్లను చూతము. వీనిలో రెండు తెగలు గలవు. మొదటి తెగ నాలుగు మీటర్లకు లోబడినది. మారుతి డిజైర్ దీనికి ఉదాహరణము. దాని పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఐదు మిల్లీమీటర్లు మిగుల్చుటలోని రహస్యము పన్నులలో నున్నది. 2025 సెప్టెంబరు 22నుండి అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. మార్పుల ననుసరించి, నాలుగు మీటర్లు మించక, 1,200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజను గల కారుపై పన్ను 18 శాతము. అది దాటినచో 40 శాతము. అనగా కారు రూపమును శిల్పి యొక్కడే నిర్ణయించుట లేదు, పన్నుల శాఖవారి కొలబద్ద కూడ నిర్ణయించుచున్నది.

రెండవ తెగ అసలైన మధ్యరకపు సెడాన్. హోండా సిటీ 1998లోను, హ్యుందాయ్ వెర్నా 2006లోను మన దేశమునకు వచ్చినవి. స్కోడా స్లావియా, వోక్స్‌వ్యాగన్ వర్టస్ 2022లో వచ్చినవి. 2014లో వచ్చిన మారుతి సియాజ్ 2025లో నిలిచిపోయినది. డిజైర్ డిక్కీ 382 లీటర్లు కాగా, సిటీది 506, స్లావియాది 521, వెర్నాది 528. ముందు వెనుక చక్రముల నడిమి దూరము డిజైర్‌కు 2,450 మిల్లీమీటర్లు, సిటీకి 2,600, స్లావియాకు 2,651, వెర్నాకు 2,670. వెనుక కూర్చుండు పెద్దవారి మోకాళ్ళకు ఈ తేడా తెలియును. సంవత్సరమునకు రెండు మారులు సామానుతో తెలుగుదేశమునకు పోవు కుటుంబమునకు ఇది విలాసము కాదు. అడాజన్ నుండి అఠ్వా వరకు ఇద్దరు పోయి వచ్చుటకే యైనచో, ఆ స్థలమునకు ధర చెల్లించుట అనావశ్యకము.

ఇంధనము మాట. కంపెనీవారు ప్రకటించు మైలేజి ప్రయోగశాలలోనిది. దూరపు కొండలు నునుపు. తాపీనది వంతెనలపై సాయంకాలపు రద్దీలో ఆ అంకె నిలువదు. అదియునుగాక, నేడు బంకులలో లభించు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. 10 శాతపు మిశ్రమమునకు సరిచేయబడిన పాత కార్లలో మైలేజి 6, 7 శాతము తగ్గగలదని 2021నాటి నీతి ఆయోగు నివేదికయే అంచనా వేసినది.

లెక్కకై పెట్రోలు లీటరు 95 రూపాయలనియు, సంవత్సరమునకు 10,000 కిలోమీటర్లు తిరుగుదుమనియు అనుకొందము. లీటరునకు 12 కిలోమీటర్లు వచ్చు కారునకు ఏటికి 79,200 రూపాయలు కావలెను. హైబ్రిడ్ కారు, అనగా పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్తు మోటారు గలది, నగరములో 20 ఇచ్చినను 47,500తో సరిపోవును. మిగులు 31,700. అయితే ధరలో తేడా నాలుగు లక్షలైనచో, అది తిరిగి వచ్చుటకు పండ్రెండేండ్లు దాటును. నెలకు రెండువేల కిలోమీటర్లు తిరుగువారికి ఆరేండ్లలోనే వచ్చును. కావున హైబ్రిడ్ మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకు సమాధానము కారులో లేదు. మన తిరుగుడులో నున్నది.

సూరతు వాసులకు సి.ఎన్.జి. యను మరియొక మార్గము కలదు. హజీరా గ్యాసు కర్మాగారము మన పొరుగుననే యున్నది. గుజరాతులో గ్యాసు బంకులకు కొరత లేదు. డిజైర్ పెట్రోలుపై నగరములో లీటరునకు 16, గ్యాసుపై కిలోకు 24 కిలోమీటర్లు నడచునని, గ్యాసు కిలో 80 రూపాయలని అనుకొనినచో, ఏటికి 26,000 మిగులును. గ్యాసు ఏర్పాటునకు లక్షకు లోపుగా అధిక ధర యిచ్చినను నాలుగేండ్లలో తీరిపోవును. కాని సిలిండరు డిక్కీని ఆక్రమించును. సామానెక్కడ పెట్టవలెనో ముందుగానే గృహిణి నడిగి తెలిసికొనుట క్షేమము.

ఇంతవరకు కంటికి కనబడు ఖర్చు. కనబడనిది వేరొకటి కలదు. బీమావారి తరుగుదల పట్టిక ప్రకారము మొదటి ఏడు ముగియునప్పటికి కారు విలువలో 15 శాతము, ఐదేండ్లు నిండునప్పటికి 50 శాతము తగ్గును. పండ్రెండు లక్షల కారు ఐదేండ్లలో ఆరు లక్షలు కోల్పోవును, ఏటికి 1,20,000. పెట్రోలు కంటె ఇదియే ఎక్కువ! పది లక్షలు 9 శాతపు వడ్డీకి ఐదేండ్ల గడువుపై తెచ్చినచో నెలకు 20,758 చొప్పున వాయిదా. అందు వడ్డీ సగటున ఏటికి 49,100. బీమాకును, సర్వీసింగునకును, టైర్లకును కలిపి 45,000 వేసికొందము. మొత్తము 2,93,300. అనగా కిలోమీటరునకు 29 రూపాయలు, నెలకు 24,000 పైచిలుకు. లీటరునకు ఎంత యిచ్చును అని మాత్రమే అడుగువాడు ఈ లెక్కలో నాలుగవ వంతు కంటె కొంచెమే ఎక్కువ చూచుచున్నాడు.

ప్రభుత్వోద్యోగులమైన మనకు పూర్వము మోటారుకారు అడ్వాన్సు ఉండెడిది. ఏడవ వేతన సంఘము సిఫారసుతో 2016లో అది పోయినది. మిగిలినది రవాణా భత్యము. సూరతు అధికరేటు నగరముల పట్టికలో నున్నందున, తొమ్మిదవ స్థాయి, ఆపైవారికి 7,200 రూపాయలును, దానిపై కరువు భత్యమును లభించును. పై 24,000తో దీనిని పోల్చి చూచుకొనుడు.

మరియొక ముఖ్యవిషయము బదిలీ. జి.జె.-05 సంఖ్యతో ఇచట జీవితకాలపు పన్ను కట్టిన కారును హైదరాబాదునకో విశాఖకో తీసికొనిపోయినచో, 1988నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము పండ్రెండు నెలలకు మించి అచట ఉంచుకొనుటకు కొత్త రిజిస్ట్రేషను కావలెను. అచట పన్ను కట్టవలెను, ఇచటి పన్ను వాపసునకై అర్జీ పెట్టుకొనవలెను. అర్జీల ప్రయాణమెట్టిదో మనకు తెలియనిది కాదు! ఈ బాధ తీర్చుటకే 2021 సెప్టెంబరులో భారత్ శ్రేణి, అనగా బి.హెచ్. సంఖ్యల విధానము వచ్చినది. కేంద్రోద్యోగులు దానికి అర్హులు. పన్నును జీవితకాలమునకు గాక రెండేసి సంవత్సరములకు కట్టవచ్చును. పన్ను రేటు పది లక్షలలోపు కారునకు 8 శాతము, ఇరువది లక్షల వరకు 10 శాతము, ఆపైన 12. డీజిలునకు రెండు శాతము ఎక్కువ, విద్యుత్తునకు రెండు తక్కువ. 2022 డిసెంబరు సవరణతో పాత సంఖ్య గల కార్లను కూడ ఇందులోనికి మార్చుకొనుటకు వీలు కలిగినది. గడువు మరచిన దినమునకు 100 రూపాయల అపరాధరుసుము గలదు. కాలెండరులో గుర్తు పెట్టుకొనుడు.

2006 ఆగష్టులో ఉకాయి జలాశయపు నీటితో సూరతు మునిగిన సంగతి ఇచటి పాతకాపులు మరువలేదు. కావున మూడవ పక్షపు బీమాతో సరిపెట్టుకొనక సమగ్ర బీమా తీసికొనవలెను. నీట నిలచిన కారును స్టార్టు చేయరాదు. సిలిండరులోనికి నీరు చేరి ఇంజను దెబ్బతినును. అట్టి నష్టమునకు సామాన్య పాలసీ చాలదు, ఇంజను రక్షణ యను అదనపు ఏర్పాటు కావలెను.

తుదకు ప్రాణరక్షణ. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలలో స్లావియా, వర్టస్, వెర్నా 2023లోను, డిజైర్ 2024లోను ఐదు నక్షత్రములు పొందినవి. కాని నక్షత్రములు బెల్టు కట్టుకొన్నవానికే వెలుగునిచ్చును. 2022 సెప్టెంబరు 4న మనము బొంబాయికి పోవు ఈ రాజమార్గముపైననే, పాల్ఘర్ జిల్లాలో, టాటా సన్స్ మాజీ అధ్యక్షులు సైరస్ మిస్త్రీ మరణించిరి. వెనుక సీటులోనివారు బెల్టు కట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. ఎంతటి ఖరీదైన కారైనను ఆ పట్టీ పని తాను చేయజాలదు. అమ్మమ్మలకు, తాతగార్లకు కూడ వెనుక సీటులో బెల్టు కట్టించుట మన విధి.

మిత్రులారా, కారు కొనవలదని నా అభిప్రాయము కాదు. వర్షములో రోగిని ఆసుపత్రికి చేర్చు కారు లెక్కలకు అందని మేలు చేయును. కాని పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు, పొరుగువారి కారును చూచి మన కారు నిర్ణయించుకొనరాదు. ఏటికెన్ని కిలోమీటర్లు తిరుగుదుము, ఎంతమందిమి కూర్చుందుము, ఎన్నేండ్లు ఉంచుకొందుము, ఎచ్చటికి బదిలీ కావచ్చును అను నాలుగు ప్రశ్నలకు భార్యాభర్తలు కూర్చుండి కాగితముపై సమాధానములు వ్రాసికొనుడు. ఆ కాగితమును జేబులో పెట్టుకొని దుకాణమునకు పొండు. అప్పుడు అమ్మువాని మాటలు మధురముగానే యుండును గాని, నిర్ణయము మీదై యుండును.