తాతగారి నోటుపుస్తకము

(శతవార్షికోత్సవ యువజన కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



మాకిచ్చిన అంశము “క్రైస్తవ కుటుంబము, సాహిత్యాభిరుచి” అన్నది. అంశము పెద్దది. మేము ఒక్క ఇంటి సంగతి చెప్పి ఊరుకుంటాము. ఆ ఇంటివారి అనుమతి తీసుకొనే చెబుతున్నాము. పేర్లు మాత్రం అడగవద్దు.

ఆ ఇంటి పెద్దాయన ఉపదేశిగా పనిచేసి ప్రభువునందు నిద్రించారు. ఆయన కట్టిన కీర్తనలు రెండు ఇప్పటికీ ఆ సంఘంలో కోత పండుగకు పాడతారు. పాట ఎత్తుకోగానే ఆయన కుమారుడు హార్మోనియం పక్కకు వచ్చి నిలబడతారు. “మాది కవుల వంశమండీ అయ్యగారూ” అని మాతో పదిసార్లయినా అని ఉంటారు. అందులో తప్పేముంది? సెంటు పొలము లేని ఇంటికి పాటే ఆస్తి.

వారి అమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఒక యువజన కూటమిలో ఒక్కొక్కరు తమకు నచ్చిన కవి ఎవరో చెప్పాలని మేమే అడిగాము. చాలామంది దావీదు పేరు చెప్పి కూర్చున్నారు. అయ్యగారు ఎదురుగా ఉంటే ఎవరైనా అదే చెబుతారు! ఈ అమ్మాయి మాత్రం “జాషువ, ఆ తరువాత తిలక్” అన్నది. ఎవరో నవ్వుతూ “మరి మీ తాతగారో?” అన్నారు. “తాతయ్యవి పాటలు. భక్తి ఉంది. కవిత్వమని నేను అనలేను” అని చెప్పింది.

తండ్రి వారం రోజులు బిడ్డతో మాట్లాడలేదు. మా దగ్గరకు వచ్చి, “చదివించినందుకు ఇదండీ ఫలితం. తాను ఒక్క పద్యమూ రాయదు, రాసినవారిని కాదంటుంది. వంశం ఇక్కడితో ఆగిపోయింది” అని కన్నీరు పెట్టుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది గాని, మేము ఆ పిల్లను పిలిపించి తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞ చదివి వినిపించాము. ఆమె తల వంచుకొని అంతా విన్నది. “జాషువగారు నాకెందుకు ఇష్టమో అడగరా అయ్యగారూ?” అన్నది. నిజమే, మేము అడగలేదు.

అప్పుడు చెప్పింది. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి 1941లో “గబ్బిలము” వెలువరించాడు. కాళిదాసు యక్షుడు భార్యకోసం మేఘాన్ని పంపితే, ఇక్కడ గుడిలోకి రానివ్వని పేదవాడు కాశీలోని శివునికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకంటే గబ్బిలాన్ని గుడి వాకిట ఎవరూ ఆపరు. “అడ్డుకున్నవారు మెచ్చే ఛందస్సులోనే, యతిప్రాసలు తప్పకుండా, వారిని నిలదీశాడండీ” అన్నది. పోనీ ఛందస్సే ప్రాణమా అంటే, తిలక్ వచన కవితలూ ఆమెకు ఇష్టమే. ఆయన 1966లో పోయాక 1968లో వచ్చిన “అమృతం కురిసిన రాత్రి” ఆమె సంచిలోనే ఉన్నది. “రాసిన మనిషి అందులో కనబడాలండీ. తాతయ్య పాటల్లో తాతయ్య కనబడరు” అన్నది.

ఆ మాట మాకు మరొకచోట తగిలింది. మా అభిషేకము నాడు మా తండ్రిగారు స్వయంగా రాసిన పద్యాలు చదవబోయారు. వేదాంత కళాశాల మిత్రులంతా ఎదురుగా ఉన్నారు. రెండవ పద్యంలో యతి తప్పింది. మేము చెవిలో “చాలు నాన్నా” అన్నాము. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు ఎక్కడా లేదు.

మరునాడే మేము వారి ఇంటికి వెళ్లి నోటుపుస్తకం చూపమన్నాము. గుడ్డలో చుట్టి తెచ్చారు. తండ్రి, కూతురు, మేము అరుగుమీద కూర్చొని పేజీ పేజీ చదివాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో వలెనే ప్రతి పాటకు పైన రాగము, తాళము. ఇంచుమించు అన్నిటా పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) నడకే. ఆ కాలపు ఉపదేశికి ఆ కీర్తనలే బడి. అయినా అమ్మాయి చెప్పింది సబబేనని తండ్రితో అనక తప్పలేదు. వంశము మాటకు కూడా జవాబు చెప్పాము. జాషువ కుమార్తె హేమలతా లవణంగారు (1932–2008) స్టూవర్టుపురం కుటుంబాల మధ్య, జోగినీ స్త్రీల మధ్య పనిచేశారు. కవిగారి ఇంటినుండి వచ్చేది పద్యమే కానక్కరలేదు. ఆయన విన్నారు గాని ఒప్పుకున్నట్టు లేదు.

చివరి పేజీలలో రాగము, తాళము లేని పాట ఒకటి దొరికింది. ఎండిన బావి, ఖాళీగా వేలాడుతున్న చీర ఉయ్యాల, ఓదార్చవచ్చి వాక్యాలు చెప్పి వెళ్లినవారు. ఎందరి సమాధులవద్దనో ప్రార్థన చేసిన నాకు నా బిడ్డ దగ్గర మాట రాలేదేమని దేవుణ్ణే అడిగారు. మిగతా పాటలన్నిటి కింద “ఆమేన్” అని రాసుకున్న మనిషి, దీని కింద ఏమీ రాయలేదు.

తండ్రి నేలచూపులు చూస్తూ, “నాకు తెలుసండీ. నాన్నగారికి విశ్వాసం తగ్గిందనుకుంటారని ఎవరికీ చూపలేదు” అన్నారు. అమ్మాయి రెండుసార్లు చదివింది. “తాతయ్య ఇక్కడున్నారు నాన్నా” అన్నది. వారం తరువాత ఆ తండ్రీకూతుళ్ల మధ్య మొదటి మాట అదే.

ఈ సంచికలో ఆ పాట అచ్చు వేయిద్దామని మాకు ఆశ కలిగింది. తండ్రి సరేనన్నారు. అమ్మాయి మాత్రం, “నాయనమ్మను అడగండి, ఆ బిడ్డ ఆమె బిడ్డ కూడా కదా” అన్నది. వెళ్లి అడిగాము. ఆ ముసలి తల్లి పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని చాలాసేపు తడిమింది. “ఆయన నాకు కూడా చూపలేదు బాబూ. ముందు నన్ను విననియ్యండి” అన్నది. మనుమరాలు చదివి వినిపిస్తుంటే మేము లేచి వచ్చేశాము. అందుచేత ఆ పాట ఈ సంచికలో లేదు.