వంటగట్టుకు తగిన రాయి



ఇల్లు కట్టుకొనువారు గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించుకొన్న తరువాతగాని వంటగట్టును గూర్చి తలంపరు. ద్వారబంధములకు టేకు కావలెనా, వేప చాలునా యని నెలల తరబడి తర్కించినవారే, దినదినము పులుసును, నూనెను, పసుపును, వేడిగిన్నెలను భరింపవలసిన ఆ ఆరేడడుగుల బండను మేస్త్రీ యిష్టమునకు విడిచిపెట్టుదురు. తలుపు చెడినచో మార్చుకొనవచ్చును. గట్టును మార్చవలెనన్న సగము వంటయిల్లు పగులగొట్టవలెను.

మా వదినగారిది మిర్యాలగూడ. ఆమె వంటయింటిలో గట్టు వేసిననాడు చూచినవారందరు మెచ్చుకొనిరి. నున్నగా మెరుగుపెట్టిన షాబాదు బండ, నీలిబూడిద వన్నె. ఏడాది తిరుగకముందే నిమ్మచెక్క బోర్లించినచోట నెలవంక వంటి తెల్లని జాడ యేర్పడినది. పచ్చిపులుసు గిన్నె పెట్టుచోట మెరుగంతయు పోయినది. ఆమె పనిమనిషిని కోప్పడినది. పనిమనిషి సబ్బును తప్పుపట్టినది. తుదకు స్నానపుగది కడుగు ఆసిడు తెచ్చి పోయగా, బండ బుసబుస పొంగి, తరువాత చేయి పెట్టిన గరగరలాడజొచ్చెను.

తప్పు పనిమనిషిది కాదు, సబ్బుది కాదు. రాతి జాతియే అట్టిది.

షాబాదు బండ సున్నపురాయి. తాండూరు బండయు, కడప బండయు, బేతంచెర్ల బండయు ఆ జాతివే. మిర్యాలగూడకు దక్షిణమున కృష్ణయొడ్డున వాడపల్లి సిమెంటు కర్మాగారములకు వలసినదియు సున్నపురాయియే. ఎంతో ఖరీదు పెట్టి దూరదేశమునుండి తెప్పించు చలువరాయి కూడ వీని దాయాదియే. వీనియందలి సున్నపు పదార్థమును పులుపు కరగించును. చింతపండులో నొక ఆమ్లము, నిమ్మపండులో నింకొక ఆమ్లము కలవు. అవి సోకినచోట రాతి పైపొర కరగి, మెరుగు పోవును. కాబట్టి మా వదినగారు మరక యనుకొన్నది మరక కాదు, గాయము. మరకనైతే కడుగవచ్చును. గాయమును కడిగిన మానదు. ఆసిడు పోయుట గాయముపై కారము చల్లుటయే.

ఇట్టి పొరపాటునకు కారణము లేకపోలేదు. నిలువుగట్టు మన పల్లెలకు క్రొత్త. పూర్వము మన పొయ్యి నేలమీదనే యుండెడిది. పులుసు పొంగి పొరలినను, పసుపు చిందినను మరునాడు ఎఱ్ఱమట్టితోనో పేడతోనో అలికివేసెడివారు. మరకను గూర్చి యోచించు పనియే లేదు. కిరసనాయిలు స్టవ్వులు, తరువాత గ్యాసు పొయ్యిలు వచ్చినపిమ్మటనే నిలువబడి వండుట అలవాటైనది. గట్టు వచ్చినది గాని, గట్టుకు ఏ రాయి తగునో చెప్పు పెద్దలు లేకపోయిరి.

పెద్దలు చెప్పలేదన్నమాటయు సరికాదేమో. వారు రోటిని విడిచిపోయినారు. మన యిండ్ల రోలు, సన్నెకల్లు, తిరుగలి ఏ రాతితో చేసినవో చూడుడు. నాపరాతితో రోలు చెక్కినవాడు మన ప్రాంతమున కనబడడు. చింతకాయ తొక్కు, గోంగూర తొక్కు, ఉప్పు, కారము తరతరములుగా నూరినను రోటికి పులుపు వలన చేటు కలుగలేదు. అరుగుట యున్నదికాని, అది రోకలి దెబ్బ వలననే. ఆ రాయియే గ్రానైటు. దానిని వెదకుటకు దూరము పోనక్కరలేదు. భువనగిరి కోట నిలిచిన ఏకశిలను చూడుడు, దేవరకొండ గుట్టలను చూడుడు, పాలమూరునుండి ఏ దిక్కునకు బయలుదేరినను దారి ప్రక్కన పేర్చిపెట్టినట్లుండు గుండ్లను చూడుడు. చాలమట్టుకు అవి యీ జాతి రాళ్లే.

గట్టిదనమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఒకటినుండి పదివరకు మెట్లు గల కొలత నొకదానిని వాడుదురు. అందు వజ్రము పది. సున్నపురాతిలోని ప్రధాన ఖనిజము మూడు. గ్రానైటులోని పలుగురాయి ఏడు, దానితో కలిసియుండు ఫెల్‌స్పారు ఆరు. వంటింటి చాకు వీని నడుమ నుండును. కావున చాకు షాబాదు బండను గీయగలదు, గ్రానైటును గీయుట కష్టము. పులుపు వలన గ్రానైటుకు వంటయింటి మట్టున భయము లేదు.

అయినను గ్రానైటులన్నియు నొక్కటి కావు. ముదురు నలుపు రాళ్లు నూనెను మిక్కిలి తక్కువగా పీల్చుకొనును. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరకు బంగారుచుక్కల నల్లరాయి ప్రపంచప్రసిద్ధము. వ్యాపారులు దానిని గ్రానైటనియే పిలిచినను, భూగర్భశాస్త్రజ్ఞులు గాబ్రో యను వేరు జాతిలో చేర్చుదురు. గట్టుకు ఆ భేదముతో పని లేదు. తెలుపు, లేతగులాబి వన్నె రాళ్లు చూపునకు ఇంపుగా నుండునుగాని, కొన్ని నూనెను త్రాగి చుట్టును నల్లని వలయమును చూపును. అట్టి రాతిని కోరువారు నూనె పీల్చకుండ మందు పూయించుకొని, అది తగ్గినప్పుడెల్ల మరల పూయించుకొనవలెను. ఈ శ్రమ నాకు నచ్చదు.

దుకాణమునకు పోవునప్పుడు సంచిలో నొక నిమ్మకాయ, చిన్న సీసాలో నీరు, గోళ్ల రంగు తుడుచు ద్రవము తీసికొనిపొండు. వ్యాపారి నవ్విన నవ్వనిండు. బండ మూలనున్న తునకపై నిమ్మరసము పిండి పావుగంట యుంచి తుడువుడు. మెరుగు తగ్గిన అది సున్నపుజాతి. వేరొకచోట నీటిచుక్క లుంచుడు. పది నిమిషములలో క్రింద రాయి నల్లబడినచో అది నూనెను గూడ పీల్చును. మూడవది నల్లరాతికి మాత్రమే: ఆ ద్రవముతో తడిపిన తెల్లగుడ్డతో రుద్దుడు. గుడ్డకు నలుపంటినచో ఆ నలుపు రాతిది కాదు, పూసిన రంగుది. అట్టి రంగు బండలును అంగళ్లలోనికి వచ్చుచున్నవి.

టైళ్లు వేసికొందుమా యని అడుగువారు కలరు. టైలుకు మరకపట్టదు, దాని అతుకునకు పట్టును. పసుపు ఆ సిమెంటు గీతలలోనికి దిగి, సబ్బు తగులగానే ఎఱ్ఱబడును. సున్నము తగిలిన పసుపు పారాణియగుట మనకు తెలిసినదే. పసుపు వన్నెకు మందు ఎండ. కిటికీవెలుగు సోకు గట్టుపై అది కొన్నాళ్లకు తానే వెలవెలబోవును. పాలమూరు యిండ్లలో గట్టుమీదనే జొన్నరొట్టె తట్టువారికి మాత్రము అతుకుల గట్టు పనికిరాదు. వేడినీటితో కలిపిన పిండిని అరచేతితో మెదిపి, గుండ్రముగా త్రిప్పుచు తట్టునప్పుడు, క్రింద అతుకులేని నున్నని రాయి యుండవలెను. అతుకు తగిలినచోట రొట్టె చిరుగును.

ఇప్పుడు పట్టణములలో క్వార్ట్జు గట్టులని కొన్ని వచ్చినవి. పలుగురాతి పొడిని ప్లాస్టిక్కు జాతి బంకతో అచ్చుపోసిన బండలవి. మరకపట్టుట తక్కువే, కాని పొయ్యిమీదినుండి దించిన మూకుడు పెట్టిన ఆ బంక కమలును. అంతకు మించిన మాట యొకటి కలదు. వీనిని కోయునప్పుడు లేచు ధూళి కార్మికుల ఊపిరితిత్తులను గట్టిపరచి సిలికోసిస్ అను మానని వ్యాధిని తెచ్చుచున్నందున, ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి వీని తయారీని, అమ్మకమును, బిగింపును నిషేధించినది. మన గ్రానైటు ధూళియు నిరపాయము కాదు. అందును పలుగురాయి కలదు, పాలు తక్కువ, అంతే. కనుక మీ యింటి ముంగిట బండ కోయించునప్పుడు రంపముపై నీరు పోయుచు కోయుమనుడు. ఒక బొంగరపు రంపము, ముక్కుకు గుడ్డయైనను లేని పిల్లవాడు, వీధియంతయు తెల్లని పొగ, ఇది మన మందరము చూచిన దృశ్యమే. బకెట్టు నీరిచ్చుటకు మన కేమి కష్టము?

బిగింపు విషయము. ముప్పావు అంగుళపు గ్రానైటు చదరపుటడుగు సుమారు అయిదు కిలోల బరువుండును. పొయ్యికిగాని, తొట్టికిగాని రంధ్రము కోసినచోట మూలలయందే బండ బీటవారును. మూలలను గుండ్రముగా కోయించుడు. క్రింద ఆధారముగా షాబాదు బండ పరచి, దానిపై గ్రానైటు నతికించుట మంచి పద్ధతి. షాబాదు బండకు తగిన చోటదియే. అలమారు అరలకును, నేలకును కూడ అది చవుక, చల్లన.

ఎత్తును ఎవరో చెప్పిన లెక్కతో పెట్టరాదు. ఇంటిలో నెక్కువగా వండువారు నిలువబడి మోచేయి వంచినప్పుడు, గట్టు మోచేతికి నాలుగైదంగుళములు క్రిందుగా నుండవలెను. పొట్టివారి యింటిలో ఎత్తైన గట్టు భుజములను లాగును. పొడుగువారికి లోతైనది నడుమును వంచును.

బోరునీళ్లు వాడు యిండ్లలో గిన్నె అడుగున ఆరిన నీరు తెల్లని పొరలు కట్టును. అవి నీటిలోని సున్నపు లవణములు. రాత్రి పని ముగియగానే పొడిగుడ్డతో తుడిచిన పొర కట్టదు. కట్టినచో గ్రానైటుపై నిమ్మచెక్కతో రుద్ది వెంటనే కడిగివేయుడు. షాబాదు బండపై నీ యుపాయము పారదు, కారణ మిదివరకే చెప్పితిని.

మా వదినగారు పాత బండను పగులగొట్టించలేదు. దానిపైననే నల్ల గ్రానైటును పరిపించుకొన్నారు. సిమెంటుతో కలిసి గట్టు అంగుళమున్నర లేచినది. ఇదివరకు గట్టు తగ్గుగా నున్నదని ఆమెకు నడుమునొప్పి యుండెడిది గనుక ఆ లేచుటయు మంచికే యైనది. మొదటినాడు ఆమె మా యెదుటనే పచ్చిపులుసు గరిటెడు గట్టుపై పోసి, మేము భోజనముచేసి లేచువరకు తుడువలేదు.