కయీను అర్పణ – మన పంట పండుగ

(సంఘ పెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఖమ్మము మెట్టపొలములు ముగిసి భద్రాచలము అడవి మొదలగు ఈ సరిహద్దు సంఘములలో సంవత్సరమునకు పెద్ద పండుగలు మూడు: క్రిస్మసు, ఈస్టరు, పంట పండుగ. మూడవదానికి కానుకలు ఎక్కువ, కలహములును ఎక్కువే. వేలములో ఒక గుమ్మడికాయ కొరకు ఇద్దరు పెద్దమనుష్యులు పట్టుదలకు పోయి, దాని వెలకు పదింతలు పాడి, ఆపైన ఆరు నెలలు ఒకరి గడప ఒకరు తొక్కకుండుట మనలో చాలమంది చూచినదే. చెప్పుకొని నవ్వుకొనవచ్చును గాని, లేఖనములో మనకు కనబడు మొదటి కానుకల కథకూడ కలహముతోనే ముగిసినది. అందుచేత ఆదికాండము నాలుగవ అధ్యాయమును గూర్చి మీతో కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ఏదెను తోటలో పండు తినిన కథ మూడవ అధ్యాయములోనిది. దానిని మనమందరము పాపపు కథ అనుచున్నాము, సరియే. అయితే ఆ అధ్యాయమంతయు వెదకినను ‘పాపము’ అను మాట కనబడదు. హెబ్రీ బైబిలులో ఆ మాట, ‘హత్తాత్’, మొట్టమొదట వినబడునది నాలుగవ అధ్యాయము ఏడవ వచనములో. ఆ సమయమును గమనించుడి. దొంగతనము దగ్గర కాదు, సారాదుకాణము దగ్గర కాదు. అన్నదమ్ములిద్దరు దేవునికి కానుకలు తెచ్చిన పిమ్మట, వారిలో ఒకని ముఖము చిన్నబోయినప్పుడు దేవుడే ఆ మాట పలికెను. పాపము ఆరాధన స్థలమునకు దూరముగా ఉండునని తలంచువారికి ఇది కొంచెము కష్టమైన సంగతి.

ఇక్కడ ఒక అపార్థమును తీసివేయవలెను. కయీను ధాన్యము తెచ్చెను, రక్తము లేదు, కాబట్టి దేవుడు త్రోసివేసెను అని ప్రసంగములలో తరచుగా వినుచున్నాము. మేము దీనిని ఒప్పుకొనజాలము. ఇద్దరు తెచ్చినదానికి హెబ్రీలో ఒకటే మాట వాడబడినది, ‘మిన్హా’. లేవీయకాండము రెండవ అధ్యాయములో పిండి, నూనె, ధూపద్రవ్యము కలిపి అర్పించు నైవేద్యమునకును అదే పేరు. ద్వితీయోపదేశకాండము ఇరువదియారవ అధ్యాయములో ఇశ్రాయేలీయుడు తన భూమి ప్రథమ ఫలములను గంపలో పెట్టుకొని యాజకునియొద్దకు తేవలెనని ఆజ్ఞ యున్నది. జొన్నకంకులు, వడ్ల బస్తాలు తెచ్చు రైతు సంఘముతో ధాన్యము దేవునికి గిట్టదని చెప్పుట న్యాయము కాదు.

ఈ ప్రాంతములో ఈ మాట మరింత ముఖ్యము. కోయ సహోదరులలో కొత్తల పండుగ చేయక మునుపు క్రొత్త పంట నోట పెట్టుకొనరు. మొదటి భాగము వేల్పులదే. వారు క్రీస్తునొద్దకు వచ్చినప్పుడు వట్టి చేతులతో రాలేదు, మొదటిది తనది కాదను జ్ఞానముతో వచ్చిరి. దుమ్ముగూడెములో గోదావరి ఆనకట్ట, పడవల కాలువ పనులు జరుగు రోజులలో, 1860 ప్రాంతమున, ఆ పనులు చూచిన ఇంజనీరు హేగ్ దొరగారి ప్రోత్సాహముతో చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషను మొదలైనది. తరువాత అక్కడ చాలకాలము సేవచేసిన జాన్ కెయిన్ అయ్యగారు కోయల ఆచారములనుగూర్చి ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో వ్రాసియున్నారు. ఆయన ఇంటిపేరును, కయీను పేరును ఇంగ్లీషులో వ్రాయునప్పుడు ఒకే అక్షరములు. తమ్ముని చంపినవాని పేరు మోసికొని వచ్చిన మనిషి ఈ అడవిలో తమ్ములను వెదకుచు తిరిగెను. దేవుని పని ఒక్కొక్కప్పుడు ఇట్లుండును.

మన దోర్నకల్ అధ్యక్ష మండలము 1912లో ఏర్పడి నూరేండ్లు పైబడినవి. ఆ సంవత్సరము డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన అజరయ్య బిషప్పుగారు బీద సంఘములకు ఇచ్చుట నేర్పిరి. వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి వేరుగా పెట్టు అలవాటు మన తల్లులకు అట్లు నిలిచినది. అది కూడ మిన్హాయే. కాబట్టి ధాన్యముమీద తప్పు మోపవద్దు.

అయితే కయీను కానుక ఎందుకు అంగీకరింపబడలేదు? ఆదికాండము కారణము విప్పి చెప్పదు. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయము హేబెలు విశ్వాసమును చూపుచున్నది. యోహాను మొదటి పత్రిక మూడవ అధ్యాయము కయీను క్రియలు చెడ్డవనుచున్నది. కానుకకంటె ముందు కానుక తెచ్చినవాడు చూడబడుచున్నాడని దీనివలన తెలియును. మేము మాత్రము మరియొకదానియొద్ద ఎక్కువసేపు నిలువగోరుచున్నాము. అంగీకరింపబడిన హేబెలుతో దేవుడు ఒక్క మాటయైనను మాటలాడినట్లు ఆ కథలో లేదు. మాటలాడినది కయీనుతోనే. కోపముతో తల వంచుకొన్నవానియొద్దకు వచ్చి, ఎందుకీ కోపము అని అడిగి, మంచి చేసినయెడల తల యెత్తుకొనవచ్చునని చెప్పెను. కానుక తిరిగిపోయినను మనిషి త్రోసివేయబడలేదు.

ఆ పిమ్మటనే హెచ్చరిక. పాపము గుమ్మము దగ్గర మెకమువలె పడుకొనియున్నదని, దాని కోరిక వానిమీద నున్నదని, వాడు దానిని లొంగదీసికొనవలెనని. పులి తిరుగు పల్లెలలో పెరిగిన పెద్దలకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. గాండ్రించు పులికి జనము డప్పులు కొట్టుకొని వత్తురు. పశువుల కొట్టము ప్రక్కన చప్పుడులేక పడుకొన్నదానిని ఎవరును చూడరు. మన కోపముకూడ గుడిలో అరవదు. ప్రార్థనకు మోకరించును, కానుక వేయును, చివరి పాట పాడును, పిమ్మట తమ్మునితో మాటలాడుచు పొలములోనికి నడచును.

నాలుగవ అధ్యాయము రెండవ వచనము మొదలు పదకొండవ వచనము వరకు ఈ కథలో ‘సహోదరుడు’ అను హెబ్రీ మాట ఏడుసార్లు వచ్చినది. మన తెలుగు బైబిలు దానిని ‘తమ్ముడు’ అన్నది. ఒక్క మాటను అన్నిసార్లు చెవిలో వేయుట వ్రాసినవానికి ఊరకే తోచినది కాదు. తోటలో దేవుడు ఆదామును నీవెక్కడ అని అడిగెను. పొలములో కయీనును నీ తమ్ముడెక్కడ అని అడిగెను. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకొన్నామని మనము సాక్ష్యమిచ్చుచున్నాము. రెండవ ప్రశ్న అడిగినప్పుడు కయీను, వానికి నేను కావలివాడనా అనెను.

హేబెలు రక్తము కేక పెట్టినది ఆకాశమునుండి కాదు, నేలనుండి. ఆ నేల ఇక నీకు సారమియ్యదని సేద్యగానికి శిక్ష వచ్చినది. ఇక నేల సంగతి చెప్పక తప్పదు. మనము కూర్చున్న ఈ చోటు షెడ్యూల్డు ప్రాంతము. 1959 భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించిన తరువాత ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనుటకు వీలులేదు. దానినే ఊరిలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అందురు. అయినను కోయవాని పేరున కాగితము, వేరొకని చేతిలో దుక్కి, ఆ పేరుగలవాడు ఆ పొలములోనే కూలి. ఇట్టివి ఈ ప్రాంతములో అందరెరిగినవే. ఫలానావారని మేము చెప్పుట లేదు. కాని అట్టి పొలమునుండి పది బస్తాలు పంట పండుగకు వచ్చినవనుకొనుడి. సంఘము చప్పట్లు కొట్టును, రశీదు వ్రాయును. ఆ కూలివాడు అదే సంఘ సభ్యుడై వెనుక చాపమీద కూర్చున్నయెడల, దేవుడు బస్తాలను లెక్కపెట్టునా, చాపవైపు చూచునా?

కాలమే దీనిని చక్కబరచునని కొందరందురు. 1986 ఆగస్టులో భద్రాచలమునొద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. అట్టి వరద తీసిన పిమ్మట బ్రదికినవారు దేవుని స్తుతింతురు. మరునాడే ఒండ్రుమట్టి క్రింద పోయిన గట్టు ఎక్కడిదని తగవులాడుకొందురు. నోవహు ఓడ దిగి మొదట చేసినది బలిపీఠము కట్టుటయే. ఆ దహనబలుల సువాసన ఆఘ్రాణించిన వచనములోనే దేవుడు నరుల హృదయము బాల్యమునుండి చెడ్డదని పలికెను. తరువాత ద్రాక్షతోట, మత్తు, గుడారములో దిగంబరత్వము. ఇంత నీరు లోకమును కడిగినను గుమ్మము దగ్గరిది లేచిపోలేదు.

మన ప్రభువు మత్తయి సువార్త అయిదవ అధ్యాయములో కయీను కథను తిరిగి వ్రాసెనని మాకు తోచుచున్నది. కానుక తెచ్చినవానికి సహోదరుని తగవు జ్ఞాపకమునకు వచ్చినయెడల దానిని బలిపీఠమునొద్దనే విడిచి వెళ్లి, సమాధానపడి, పిమ్మట వచ్చి అర్పింపుమనెను. కయీనును కానుక దగ్గరనుండి పొలమునకు నడిపించినది కోపము. ప్రభువు మనలను అదే దారిని సహోదరుని వెదకుటకు పంపుచున్నాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘమైక్యము కలిగి, 1950లో సంస్కారపు క్రమము వెలువడినప్పుడు, కానుకలకు ముందు సమాధానమును చేతినుండి చేతికి అందించుట దానిలో చేర్చిరి. ముందు చేయి, తరువాత కానుక. పంచె సర్దుకొనుచు ముందు బల్లమీదివారికి మాత్రము చేయి తాకించి కూర్చుండుటకు పెద్దలు దానిని ఏర్పరచలేదు.

కాబట్టి మన పాస్టరేటు కమిటీల ముందు ఒక చిన్న మనవి ఉంచుచున్నాము. పంట పండుగకు ముందటి శనివారము రాత్రి పందిరి కట్టుట యువకులకు అప్పగించి, పెద్దలు దేవాలయములో కూర్చుండవలెను. గట్టు తగవు, కూలి బాకీ, పేరొకరిది పంటొకరిది అయిన పొలము, పోయిన సంవత్సరపు వేలము పట్టుదల, ఏదైనను ఆ రాత్రి విందురు. తెగనిదాని కానుక ఆదివారము బల్లమీదికి రాదు. తెగువరకు గుడి వసారాలో ఉండును. కోయగూడెములనుండి వచ్చువారు చీకటిపడక మునుపే మాటలాడి వెళ్లునట్లు వారి సంగతి మొదట విందురు. వేలము మాత్రము సోమవారమునకు మార్చుదము. గుమ్మడికాయ ఒక దినము ఆగినను చెడదు.