నార్మల్ వచ్చిన రిపోర్టు

కొత్త డాక్టర్లారా, స్నాతకోత్సవంలో పెద్ద మాటలు చెప్పడం రివాజు. నేను ఒక చిన్న రక్తపరీక్ష గురించి మాట్లాడి దిగిపోతాను.

మీలో చాలామంది కర్నూలు, కడప చుట్టుపక్కలే పనిచేస్తారు. క్షయ రోగి రాని ఓపీ మీకు దొరకదు. రెండు నెలలు నాలుగు మందులు, ఆపైన నాలుగు నెలలు మూడు మందులు. రెండో నెల చివర కళ్లె పరీక్ష చేయాలని చదువుకున్నారు. అప్పటికి దగ్గు తగ్గి చాలామందికి కళ్లె పడదు. మెడ గడ్డల వాళ్లకు, వెన్నెముక క్షయ వాళ్లకు మొదటి నుంచీ ఉండదు. జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష చచ్చిన క్రిమి డీఎన్ఏను కూడా పట్టి చూపిస్తుంది కనుక మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి పనికిరాదు. అప్పుడిక ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రాయబుద్ధవుతుంది.

ఇది పాత ఆశే. స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో ఈఎస్‌ఆర్ కొలిచే తన గొట్టం పద్ధతిని ప్రచురించింది ఊపిరితిత్తుల క్షయ రోగులను పరీక్షించే. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ కూడా లేదు. మనకు దగ్గర్లోని మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. విశ్రాంతి, తిండి, మంచి గాలి తప్ప ఇవ్వడానికేమీ లేని ఆ కాలపు వైద్యులకు, రోగి కోలుకుంటున్నాడో లేదో చెప్పే ఏ అంకె అయినా అపురూపమే.

ఈఎస్‌ఆర్ నిదానంగా దిగుతుంది. రక్తహీనత ఉన్నా ఎక్కువగానే కనిపిస్తుంది, మన పల్లెల్లో ఆడవాళ్లకు అది ఎంత మామూలో మీకు తెలుసు. సీఆర్‌పీ చురుకైనది. కాలేయం తయారీ ఆపిందంటే రక్తంలో ఉన్నది 19 గంటల్లో సగమైపోతుంది. అయితే ఎక్కడో మధ్యలో ఒక్కసారి సీఆర్‌పీ చేయించి ఫైల్లో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమండుతుంది. మొదటి మాత్రకు ముందు ఒకటి చేయించి ఉంటేనే రెండోదానికి విలువ. దిగిన అంకె మళ్లీ ఎక్కితే ఆగి వెతకండి: రోగి మాత్రలు మానాడా, మందుకు లొంగని క్షయా, లేక కాలి పుండో పంటి చీమో ఉందా?

ఎక్కిన అంకె మిమ్మల్ని ఎలాగూ హెచ్చరిస్తుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది దిగిన అంకె. చురుగ్గా పెరుగుతున్న క్రిములను ఐసోనియజిడ్ తొలి రోజుల్లోనే చాలావరకు చంపేస్తుంది. జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, సీఆర్‌పీ దిగుతుంది. మిగిలిన కొద్దిపాటి క్రిములు చప్పుడు చేయకుండా మందకొడిగా పడి ఉంటాయి. రిఫాంపిసిన్‌ను నెలల తరబడి ఇచ్చేది వాటి కోసమే. వాటి జాడ సీఆర్‌పీకి అందదు.

"బాగుండా సార్. రిపోర్టు గూడా నార్మలే గదా, ఇంగ మాత్రలేంటికి?" కోసిగి, మంత్రాలయం వైపు ఈ ప్రశ్న సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే ముందు వస్తుంది. గుంటూరు మిరప కోతలకు ఇంటిల్లిపాదీ బయల్దేరుతారు. మీరు చేతికిచ్చిన రిపోర్టే మాత్రలకు సెలవు చీటీ అవుతుంది. కాబట్టి అంకె చెప్పేముందు ఇంకా ఎన్ని నెలలు మింగాలో చెప్పండి. బరువు తూచండి. క్షయ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో రోగి పేరు బదిలీ చేసి, వాళ్లు దిగబోయే ఊరికి దగ్గరలో మాత్రలిచ్చే కేంద్రానికి, బండి కదలకముందే ఫోన్ చేయండి.