వినుట సంఘ ధర్మం

(కోల్‌కతా సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ నగరంలోని కాలేజీ స్క్వేర్ వద్దనున్న ధర్మరాజిక చైత్య విహారంతో తెలుగునాటికి సన్నిహిత బంధం ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రే మన భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించగా లభించిన ధాతువు 1920లో ఈ విహారంలో ప్రతిష్ఠితమైనది. భట్టిప్రోలు ధాతు కరండాల ప్రాకృత శాసనాలలో 'గోఠి' అనే మాట కనబడుతుంది. అదే మన గోష్ఠి. కుబిరక రాజు పేరుతో పాటు గోష్ఠి సభ్యుల పేర్లను కూడా అక్కడ వరుసగా చెక్కించారు. నేటి మన సభలలో ఒక్కరు మాట్లాడతారు, తక్కినవారు వింటారు. ఇది గోష్ఠి అనిపించుకొంటుందా?

బౌద్ధంలో శిష్యునికి శ్రావకుడని పేరు, వినువాడని అర్థం. విద్వాంసుని బహుశ్రుతుడని గౌరవిస్తాము. పెక్కు విన్నవాడని భావం. బుద్ధవచనం గ్రంథస్థం కాకముందు శతాబ్దాల పాటు చెవినుండి చెవికే సాగినది.

అయితే నోరు కట్టుకొనుటను తథాగతుడు మెచ్చలేదు. వినయ పిటకంలోని మహావగ్గం ఈ వృత్తాంతం చెబుతున్నది. కోసల దేశంలో కొందరు భిక్షువులు కలహాలు రాకుండుటకై వర్షావాసమంతా పరస్పరం మాట్లాడక గడిపారు. అది పశువుల సహవాసం వంటిదని బుద్ధుడు వారిని మందలించి, మూగవ్రతాన్ని నిషేధించి, పవారణను విధించాడు. వర్షావాసం ముగిసిన నాడు ప్రతి భిక్షువూ తనలో చూచిన, విన్న, శంకించిన దోషాలను చెప్పమని సంఘాన్ని అర్థించాలి. అందరికన్నా ముందుగా అర్థించవలసినవాడు స్థవిరుడు. ఈ వరుసను మనం గమనించాలి.

ధర్మరాజిక విహారం వెలసిన 1920లోనే బాబాసాహెబ్ అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పత్రికను ప్రారంభించారు. మాట దక్కనివారికి నాయకుడని ఆ పేరే చెబుతున్నది. తరతరాలుగా నోరు నొక్కబడినవారు చేరిన సంఘంలో 'మితంగా మాట్లాడండి' అనే హితవు ఎవరికి చెప్పాలి? నిన్న దీక్ష స్వీకరించిన కూలి తల్లికి ఆ మాట చెప్పరాదు. వేదికపై కుర్చీ, చేతిలో మైకు ఉన్న మావంటి ఉపన్యాసకులకే అది వర్తిస్తుంది.

కనుక మా విన్నపమిది. సభాకాలంలో సగం ఇంతవరకు మాట్లాడనివారికి విడిచిపెట్టుదాము. వారు తడబడితే వారి వాక్యాన్ని మనం పూర్తి చేయరాదు. బాధ చెప్పుకొనుచుండగా ధర్మోపదేశంతో అడ్డు తగులరాదు. విన్నదానిని తిరిగి చెప్పి, సరిగా గ్రహించామా అని వారినే అడుగుదాము. ఏటా పవారణ నాడు కార్యవర్గమే ముందుగా లేచి తన లోపాలను చెప్పమని సభ్యులను కోరాలి. అప్పటికప్పుడు సమాధానమీయక వ్రాసుకోవాలి.

ఊరిలో తమ మాటకు విలువ లేకనే మనలో పలువురు ఈ శరణు కోరి వచ్చారు. ఇక్కడనూ వినేవారు కరవైతే వారు ఎక్కడికి పోవాలి?

ఇంతటితో మా మాటలు చాలించి, మీ మాటలు వింటాము.

నమో బుద్ధాయ. జై భీమ్.