పాత ఊరికి ప్లాను

ఊరికి ప్లాను గీయడమంటే కొత్త రోడ్లు, కొత్త కాలనీలే గుర్తొస్తాయి. పాత కట్టడాల సంరక్షణ చూసే ప్రణాళికా నిపుణుల పని మాత్రం, ఉన్న ఊరిని వీధి వీధీ తిరిగి తెలుసుకోవడంతో మొదలవుతుంది.

హైదరాబాదు చార్మినార్ సంగతే చూడండి. 1591 నాటి కట్టడం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఇలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. ఆ హద్దుల్లోనే గాజుల దుకాణాలు, అత్తరు అంగళ్లు, కాపురాలు ఉన్నాయి. అక్కడి మనుషులను లెక్కలోకి తీసుకోని ప్లానును నేను ప్లాననను. పాత ఇంటి మరమ్మతుకు అనుమతి ఎలా తెచ్చుకోవాలో ఓపిగ్గా చెప్పడమూ ఈ ఉద్యోగంలో భాగమే.

మరమ్మతుకూ పద్ధతుంది. ఆనాటి గోడలు డంగు సున్నంతో కట్టినవి. వానకు పీల్చుకున్న తడిని సున్నం మెల్లగా బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుపోతుంది. కొన్నాళ్లకు పూత ఉబ్బి, పెచ్చులూడి, లోపలి సున్నం పొడిపొడిగా రాలుతుంది. త్వరగా అయిపోతుందని దయచేసి ఆ పని చేయకండి.

హైదరాబాదులోనే ఉన్న 1935 నాటి మోజంజాహీ మార్కెట్‌ను 2020లో పునరుద్ధరించారు. అక్కడి ఐస్‌క్రీము దుకాణాలు ఇప్పటికీ కళకళలాడుతున్నాయి. అది నాకెంతో సంతోషం.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకు విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో నగర ప్రణాళిక, కట్టడాల సంరక్షణ రెండింట్లోనూ పీజీ కోర్సులున్నాయి.